తల్లి చేస్తే దౌర్జన్యం, హీరో చేస్తే ప్రేమ

కొరియన్ డ్రామాలు చూసేవాళ్లకి ఈ సీను కంఠతా వచ్చే ఉంటుంది. ఖరీదైన కాఫీ షాపు, ఎదురుగా అబ్బాయి తల్లి, బల్ల మీద డబ్బు కవరు. ‘మా వాణ్ణి వదిలెయ్’ అంటుంది. కాదంటే మొహాన గ్లాసుడు నీళ్లు. సరిగ్గా అప్పుడే కొడుకు ఊడిపడి, అమ్మాయి మణికట్టు పట్టుకుని బయటికి లాక్కుపోతాడు. మన తిట్లన్నీ తల్లికే. ‘నాతో వస్తావా’ అని అతను కూడా ఆ పిల్లని అడగలేదన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఆ తల్లి అంత కర్కోటకంగా ఉండేది అందుకేనని నాకు అనిపిస్తుంది. ఆవిడ పక్కన నిలబెడితే ఎంత మూర్ఖుడైనా మంచివాడిలాగే కనిపిస్తాడు. ఫోన్లు చూసినా, ఎవరితో మాట్లాడాలో శాసించినా అది రక్షణ ఖాతాలో పడిపోతుంది.

దీనికి ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ని మించిన ఉదాహరణ దొరకదు. 1992లో జపాన్‌లో మొదలైన మాంగా, అంటే బొమ్మల కథ ఇది. 2001లో తైవాన్, 2005లో జపాన్, 2009లో కొరియా, 2018లో చైనా, 2021లో థాయ్‌లాండ్ దీన్ని టీవీకెక్కించాయి. కొరియా వెర్షన్‌లో హీరో గు జున్‌ప్యో ఎర్రకార్డు అంటిస్తే చాలు, బడి మొత్తం ఆ విద్యార్థి మీద పడుతుంది. హీరోయిన్ గుమ్ జాండీ మీద మనసు పడ్డాక కూడా అతని పద్ధతి మారదు. మనుషుల్ని పంపి ఆమెని తన భవంతికి ఎత్తుకొచ్చి, బట్టలు మార్పించి ముస్తాబు చేయిస్తాడు. సిరీస్ సగానికి వచ్చేసరికి ఇవేవీ మనకి గుర్తుండవు. షిన్హ్వా గ్రూపు అధినేత్రి అయిన అతని తల్లి రంగంలోకి దిగి, జాండీ కుటుంబాన్నీ చుట్టుపక్కల వాళ్లనీ నలిపేయడం మొదలుపెడుతుంది మరి.

చైనా వాళ్లు 2018లో హీరో మచ్చల్ని కడిగేశారు. ఎర్రకార్డు తీసేసి, బ్రిడ్జి అనే పేకాటకి పిలిచే జోకర్ ముక్కని పెట్టారు. తల్లిని మాత్రం అలాగే ఉంచారు. కథ ఏ దేశం వెళ్లినా కొడుకుని కాలానికి తగ్గట్టు సరిచేస్తున్నారు గానీ, తల్లిని తీసేసే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆవిడ లేకపోతే కథ నడవదు.

కొరియాలో ఇంటి పెద్దగా మగవాణ్ణే నమోదు చేసే హోజు పద్ధతిని 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టింది, 2008లో అది రద్దయింది. ఆ మరుసటి ఏడాదే ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ వచ్చింది. రికార్డుల్లోంచి పోయిన ఇంటిపెద్ద, డ్రామాలో కంపెనీ వాటాలు గుప్పిట్లో పెట్టుకున్న అధినేత్రి తల్లి రూపంలో తిరిగొచ్చాడన్నమాట. ప్రియుడి పెత్తనం సంగతి చట్టానికి ఇంకా ఆలస్యంగా తట్టింది. వెంటపడి వేధించడంపై తొలి బిల్లు 1999లో పెడితే, చట్టం అమలైంది 2021 అక్టోబరులో. మధ్యలో ఇరవై రెండేళ్లు తెర మీద హీరోలు రాత్రంతా ఆమె ఇంటి కింద కాపు కాస్తూనే ఉన్నారు, వెనక పియానో మోగుతూనే ఉంది.

ఈ లెక్కని తలకిందులు చేసిన డ్రామా 2018లో కొరియా టీవీ ఛానెల్ జేటీబీసీలో వచ్చిన ‘సమ్‌థింగ్ ఇన్ ది రెయిన్’. ముప్పై అయిదేళ్ల యూన్ జినాకి స్నేహితురాలి తమ్ముడు నచ్చాడు. మెత్తనివాడు, ఆమె మాట వినేవాడు. తల్లికి అతను ఆనడు. ఇల్లూ వాకిలీ ఉన్న ఇంటి పిల్లాడని ఆవిడ మెచ్చినది జినా పాత ప్రియుణ్ణి. అతగాడేమో వెంటపడ్డాడు, ఫొటోలతో బెదిరించాడు, చివరికి కారులో బలవంతంగా ఎత్తుకుపోయాడు. అమ్మకి నచ్చిన సంబంధమూ అమ్మాయి గొంతు నొక్కే మగవాడూ ఒకటే కావడం మన ఇళ్లలో అరుదా? ‘అతనికి కాస్త కోపం ఎక్కువ, పెళ్లయితే సర్దుకుంటాడు’ అని నచ్చజెప్పేది పెద్దవాళ్లే కదా. పుట్టింటి కట్టడి తప్పించుకుందామని అలాంటి మొగుడి చేతుల్లో పడటం పెనం మీంచి పొయ్యిలో పడటమే.

మన సీరియల్ ఇదే పని ఇంకో రకంగా చేసింది. ‘కార్తీకదీపం’లో అత్త సౌందర్య మొదట కోడలి నలుపుని ఈసడించుకుని, తర్వాత ఆమె పక్షానే నిలబడింది. భార్యని అనుమానించి ఏళ్ల తరబడి దూరం పెట్టింది కొడుకు. అయినా జనం డాక్టర్ బాబునే నెత్తిన పెట్టుకున్నారు. ఆయన పాపం మొయ్యడానికి విలన్ మోనిత ఉంది.

కొరియన్ తల్లి అభ్యంతరం డబ్బూ అంతస్తూ. మన దగ్గర సాధారణంగా అది కులం. 2018లో మిర్యాలగూడలో దళిత అల్లుడి హత్య తర్వాత కవరు, నీళ్ల గ్లాసు సీన్లు చూస్తే ఆ తల్లులు పిల్లాటలాడుతున్నట్టు ఉంటుంది. బహుశా అందుకే మనకవి హాయిగా ఉంటాయి. తల్లిదండ్రుల మీద కోపం తీర్చుకోవచ్చు, కులం మాట ఎత్తక్కర్లేదు.

2025లో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్’లో హీరోయిన్ కూతురు గుమ్‌మ్యాంగ్ ప్రియుడు ఎవర్నీ లాక్కెళ్లడు. తన తల్లికి ఎదురు నిలవడం కూడా అతని వల్ల కాదు. కాబోయే కోడల్ని ఆవిడ చిన్నచూపు చూస్తుంటే మధ్యలో నలుగుతాడు. ఇన్నేళ్ల ప్రేమనీ నిశ్చయమైన పెళ్లినీ గుమ్‌మ్యాంగే తెంచుకుంటుంది. ఆమెకి పెళ్లి కంటే తనని అపురూపంగా పెంచిన అమ్మానాన్నల మర్యాద పెద్దది. ఆ ఎపిసోడ్‌లో నాకు జాలి ఆ అబ్బాయి మీదే కలిగింది, అయినా ఆమె చేసింది తప్పని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.