సవరణ: అడ్డసరం అందరికీ నిరపాయం కాదు

అడ్డసరం అనే ఔషధ మొక్క గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, దాని ఆకుల కషాయాన్ని దగ్గు, ఆయాసం ఉన్నవారెవరైనా నిస్సంకోచంగా తాగవచ్చని పేర్కొన్నాను. ఆ మాట తప్పు, దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను.

ఆకుల్లోని వాసిసిన్ అనే ఆల్కలాయిడ్‌కు శ్వాసనాళాలను వ్యాకోచింపజేసే గుణంతో పాటు గర్భాశయ కండరాలను సంకోచింపజేసే గుణం కూడా ఉన్నట్లు ప్రయోగాల్లో కనిపించింది. అందువల్ల గర్భిణులు దీన్ని కషాయంగా గాని, ఆకురసంగా గాని, లేహ్యంగా గాని సొంతంగా వాడకూడదు. ఈ ఒక్క హెచ్చరికను వదిలేయడమే ఆ వ్యాసంలోని అతి పెద్ద లోపమని భావిస్తున్నాను, ఎందుకంటే ఇంటివైద్యాన్ని నమ్మి ఆచరించేవారిలో గర్భిణులూ ఉంటారు.

ఆకురసంలో తేనె కలిపి ఇవ్వడం పాత పద్ధతే అయినా, ఏడాది నిండని పసిపిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు కనుక వారికి అది పనికిరాదు.

బ్రోమ్‌హెక్సిన్ అనే కఫహర ఔషధాన్ని ఈ ఆకుల నుంచే తీస్తారని రాయడం కూడా సరికాదు. వాసిసిన్ నిర్మాణాన్ని ఆధారంగా తీసుకొని రసాయనశాలలో రూపొందించిన మందు అది. అంబ్రాక్సాల్ అనే మరో కఫహర ఔషధం దాని నుంచి శరీరంలో ఏర్పడే పదార్థమే.

ఆయుర్వేదం దీన్ని ‘వాసా’ పేరుతో కాస (దగ్గు), శ్వాస (ఆయాసం), రక్తపిత్తాలకు (శరీరం నుంచి రక్తం పడే జబ్బులకు) చెప్పిందన్న భాగంలో మార్పు లేదు. అయితే కఫంలో రక్తం కనిపించడం క్షయ లక్షణం కూడా కావచ్చు. అటువంటప్పుడు కషాయంతో రోజులు గడపకుండా వెంటనే కఫపరీక్ష చేయించుకోవాలి.