158 మందితో సరిపెట్టొద్దు

పొద్దున్నే కాఫీ తాగుతున్న మనిషి చేతిలోంచి గ్లాసు జారిపోతుంది. మూతి వంకర పోతుంది, మాట ముద్దముద్దగా వస్తుంది. ‘గాలి సోకి ఉంటుంది, కాసేపు పడుకో’ అంటారు ఇంట్లోవాళ్లు. అది పక్షవాతం (స్ట్రోక్). పెద్ద రక్తనాళం పూడుకుపోతే మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువేమో నాలుగున్నర గంటలు. పసరు పోయించి, ఊళ్లో డాక్టరుకు చూపించి, స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి చేరేసరికి అది కాస్తా దాటిపోతుంది.

అందుకే 24 గంటల్లోపు మొదలుపెట్టినా పనిచేస్తుందంటున్న సోవాటెల్టైడ్ అనే పక్షవాతం మందుపై ఇంత ఆశ. ఎండోథెలిన్-బి అనే గ్రాహకాన్ని (కణంపై సంకేతాలు అందుకునే భాగాన్ని) ప్రేరేపించి, మెదడు తన గాయాన్ని తానే మాన్చుకునేలా చేయడం దీని పద్ధతి. మామూలు చికిత్సకు తోడుగానే దీన్ని పరీక్షించారు, బదులుగా కాదు. 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. మూడో దశ పరీక్షలో పాల్గొన్నది మాత్రం 158 మందే.

మా జంకంతా ఈ అంకె దగ్గరే. మెదడును కాపాడతాయని ఆశపెట్టిన మందులు ఇంతకుముందూ ఓడిపోయాయి. రక్తం అందని మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం పొంగిపొర్లుతుంది. దానికి స్పందించే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుని కణంలోకి కాల్షియం వరదలా చొరబడుతుంది. ఆ తలుపు మూసేస్తే చాలనుకున్నారు. అందుకు తెచ్చిన సెల్ఫోటెల్, ఆప్టిగానెల్, గావెస్టినెల్ మందులన్నీ ఎలుకల్లో గట్టెక్కినవే, మనుషుల దగ్గరకొచ్చేసరికి బోల్తా పడ్డాయి. ఎలుకకు మందు నిమిషాల్లో అందుతుంది, మనిషికి గంటలు పడుతుంది కదా అని లాస్ ఏంజెలెస్‌లో అంబులెన్సులోనే మెగ్నీషియం ఎక్కించి చూశారు. 1,700 మందితో, లక్షణాలు కనిపించిన రెండు గంటల్లోపే సాగిన ఆ ప్రయోగంలోనూ మేలేమీ కనబడలేదని 2015లో తేలింది. 2020లో 1,105 మందిపై ఫలితాలు వెలువడిన నెరినెటైడ్ అనే మరో మందు కూడా మొత్తమ్మీద గట్టెక్కలేదు.

సోవాటెల్టైడ్ దారి వేరు, నిజమే. అనుమతినీ మేము తప్పుపట్టడం లేదు. కానీ చిన్న పరీక్షలో మెరిసిన మందుకు పెద్ద పరీక్ష పెట్టాల్సిందే. ఈలోగా మందు వాడిన ప్రతి ఆస్పత్రీ 90 రోజుల తర్వాత రోగిని పిలిపించి చూడాలి. తనంతట తాను నడుస్తున్నాడా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నాడా, అసలు బతికే ఉన్నాడా అన్నది రాసి పెట్టాలి. ఆ వివరాలను కంపెనీ బీరువాలో ఉంచకుండా, పేర్లు తీసేసి అందరికీ కనిపించేలా పెట్టించే బాధ్యత ఔషధ నియంత్రణ అధికారులది.