జపనీస్ ఆన్‌లైన్ క్లాసుల్లో పిల్లల గొంతు వినిపించాలి

అనంతపురంలో విదేశీ భాష అంటే కొన్నేళ్ల పాటు కొరియన్ మాటే వినిపించింది. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది కాబట్టి అది సహజమే. ఇప్పుడు నర్సింగ్, డిప్లొమా చదివిన పిల్లలు జపనీస్ గురించి అడుగుతున్నారు. జపాన్‌లో వృద్ధులు పెరిగి, పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే ఆ దేశం 2019 ఏప్రిల్‌లో ‘తొకుతే గినో’ అనే నైపుణ్య కార్మికుల వీసా తెచ్చింది. దానిమీద 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదుర్చుకుంది. ఈ దారిలో వెళ్లాలంటే వృత్తి పరీక్షతో పాటు భాష పరీక్ష కూడా పాసవ్వాలి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాష పరీక్షలో ఎన్4 స్థాయి రావాలి, లేదంటే జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో భాష పరీక్ష గట్టెక్కాలి.

మన జిల్లాల్లో జపనీస్ చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. కాబట్టి ఆన్‌లైన్ తప్పదు. నా బాధ ఆన్‌లైన్ గురించి కాదు, అందులో జరుగుతున్నదాని గురించి. టీచర్ ఎక్కడో బెంగళూరులో కూర్చుని స్లైడ్లు చూపిస్తూ గంటసేపు మాట్లాడతారు. పిల్లల మైకులన్నీ మ్యూట్‌లో ఉంటాయి. క్లాసయ్యాక రికార్డింగ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. చాలామంది దాన్ని రెండో రోజు కూడా తెరవరు. నెలలు గడిచినా పిల్ల నోట ఒక్క జపనీస్ వాక్యం రాదు.

దీని నష్టం మార్కుల్లో నేరుగా కనిపిస్తుంది. జేఎల్‌పీటీలో అన్నిటికంటే కింది స్థాయి ఎన్5లో మొత్తం 180కి 80 వస్తే పాస్. ఎన్4లో 90 రావాలి. కానీ అంతటితో అయిపోదు. వినికిడి విభాగంలో 60కి కనీసం 19 రాకపోతే, మిగతాదాంట్లో ఎన్ని వచ్చినా ఫెయిలే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. వ్యాకరణం బట్టీపట్టిన పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. ఇక మాట్లాడే పరీక్ష జేఎల్‌పీటీలో లేనే లేదు. అది లేదు కాబట్టి క్లాసులో మాట్లాడించరు. తీరా పాసయ్యాక ఉద్యోగమిచ్చేవాళ్లు వీడియో కాల్‌లో రెండు ప్రశ్నలు అడిగితే టెన్షన్‌తో గొంతు పెగలదు.

వినడం, పలకడం రెండూ నలభైమంది ఉన్న గదిలో కంటే ఫోన్‌లో బాగా సాధన చేయించొచ్చు. ఒక ఉదాహరణ చూడండి. ‘కితె కుదసై’ అంటే రండి. ‘కిత్తె కుదసై’ అంటే కత్తిరించండి. టీచర్ ఈ రెండు వాక్యాలూ వాయిస్ మెసేజ్‌గా పంపి, విన్నవెంటనే పలికి రికార్డు చేసి పంపమనాలి. గ్రూపులో కాదు, విడిగా. నలుగురిలో తప్పు దిద్దితే ఆడపిల్లలు మళ్లీ నోరు విప్పరు. ఒక్కొక్కరికీ అర నిమిషం జవాబు పెడితే చాలు. ఏ పిల్లవాడు ఒత్తు మింగుతున్నాడో, ఎవరు దీర్ఘం లాగడం లేదో వారం తిరక్కుండానే తెలిసిపోతుంది.

ఫోన్ కీబోర్డు కూడా మంచి సాధనమే. జపనీస్ కీబోర్డులో ఉచ్చారణ సరిగ్గా కొడితేనే సరైన కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరం, వస్తుంది. ‘బ్యోఇన్’ అంటే ఆసుపత్రి, ‘బియోఇన్’ అంటే బ్యూటీపార్లర్. చిన్నగా రాయాల్సిన ‘యో’ అనే ఒక్క అక్షరం పెద్దదిగా పడితే ఆసుపత్రి కాస్తా పార్లర్ అవుతుంది. రేపు ఒక వృద్ధాశ్రమంలో పనిచేయబోయే అమ్మాయికి ఈ తేడా చిన్నది కాదు. రోజూ ఐదు వాక్యాలు టైపు చేసి పంపమంటే చాలు, టీచర్ చెప్పక ముందే పిల్లలు తమ తప్పు తామే పట్టుకుంటారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, మనం పూర్తిగా వదిలేసినది తెలుగు. యాప్‌లు, వీడియోలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే వివరిస్తాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు ముందు ఆ ఇంగ్లిష్ అర్థం చేసుకోవాలి, ఆ తర్వాతే జపనీస్. అదీ వాక్యం తలకిందులైన భాష ద్వారా! ‘అన్నం తిని బడికి వెళ్లాను’ అన్నది జపనీస్‌లో ‘గొహన్ ఒ తబెతె గక్కో ఎ ఇకిమషిత’. మాటల వరుస ఒక్కటే. ‘తిని’ ఉన్నచోటే ‘తబెతె’, ‘కి’ ఉన్నచోటే ‘ఎ’, క్రియ చివర్లో. ‘వస్తానని చెప్పాడు’లో మన ‘అని’ చేసే పని అక్కడ ‘తొ’ చేస్తుంది. ఇంగ్లిష్ వాళ్లకు నెల పట్టే చోటు మన పిల్లలకు రెండు క్లాసుల్లో దాటిపోతుంది.

ఉచ్చారణా అంతే. ‘త్సు’ అని రోమన్ అక్షరాల్లో చూసి భయపడే పిల్లవాడికి చుక్కలో ‘చు’ పలకమని చెప్తే చాలు. కితె, కిత్తె తేడా తెలుగులో రాస్తే ఒత్తు కళ్లకు కనిపిస్తుంది. రోమన్‌లో రెండు టీలు రాసినా ఇంగ్లిష్ అలవాటుతో ఒకటిగానే చదివేస్తారు. మొదటి వారం పది రోజులు తెలుగు లిపి సాయం తీసుకుని, తర్వాత జపనీస్ లిపిలోని 46 హిరగానా అక్షరాలకు మళ్లాలి. అన్నీ కలిసిపోతాయని కాదు. ‘వ’, ‘గ’ ప్రత్యయాల తేడాకు తెలుగులో సరైన జోడీ లేదు, అక్కడ ఉదాహరణలతో కుస్తీ పట్టాల్సిందే.

సామగ్రికి డబ్బు పెట్టనక్కర్లేదు. జపాన్ ఫౌండేషన్ వాళ్ల ‘ఇరొదొరి’ పాఠ్యపుస్తకం, ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతుంది. వాళ్లదే ‘మినాతొ’ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో చిన్న చిన్న పాఠాలున్నాయి. మన టీచర్లు వీటి పక్కన తెలుగులో వివరణ చేర్చి, పిల్లలకు చేయడానికి పని ఇవ్వాలి. జపాన్‌వాళ్లతో మాట్లాడించాలంటే ఆదివారం పొద్దున పెట్టుకోవాలి. ఇక్కడ పదైతే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. సాయంత్రం ఏడుకు పెడితే వాళ్లకు రాత్రి పదిన్నర, ఎవరు దొరుకుతారు?

ఇక ఫోన్ లేని పిల్లలు, హాస్టల్లో ఫోన్ లాక్కునే చోటుండే అమ్మాయిలు, ఇంట్లో ఒక్క ఫోన్‌తో సర్దుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను వదిలేసే ఆన్‌లైన్ నాకు సమ్మతం కాదు. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబ్ సిలబస్‌లోనే ఉంది. హెడ్‌ఫోన్లు, కంప్యూటర్లు, నెట్ అన్నీ అక్కడుంటాయి, క్లాసులయ్యాక తాళం పడుతుంది. ఆ ల్యాబ్‌ను సాయంత్రం రెండు గంటలు జపనీస్ నేర్చుకునేవాళ్లకు, బయటి నర్సింగ్ పిల్లలకు కూడా తెరవాలి. జేఎల్‌పీటీ జూలైలో, డిసెంబర్‌లో ఉంటుంది. డిసెంబర్‌లో బెంగళూరు వెళ్లి రాసేవాళ్ల కోసం దసరా సెలవుల నుంచే వినికిడి సాధన మొదలుపెట్టొచ్చు. దీనికి కావాల్సింది ప్రిన్సిపల్ అనుమతి, ల్యాబ్ అసిస్టెంట్‌కు ఆ రెండు గంటల జీతం.