పోలిక మాటలన్నీ ఒకటే కావు

‘రిజెంబ్లెన్స్, సిమిలారిటీ, సెంబ్లెన్స్, అనాలజీ... అన్నిటికీ అర్థం పోలికే. ఏది గుర్తొస్తే అది వాడేయండి, తప్పు రాదు. తేడాలు పండితుల గొడవ.’ పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ చదివేవాళ్ల మధ్య ఈ సలహా తెగ తిరుగుతోంది. టైం చాలక టెన్షన్ పడే పిల్లలకు ఇలాంటి మాట హాయిగానే ఉంటుంది. మార్కులు పోయేది కూడా వాళ్లకే.

అర్థం ఒకటే అన్నది ముందు చూద్దాం. రిజెంబ్లెన్స్ ఎక్కువగా కంటికి కనిపించే పోలిక. మనవరాలిలో నాయనమ్మ పోలికలు కనిపిస్తే ఆ మాటే సరిపోతుంది. సిమిలారిటీ పరిధి పెద్దది, రెండు చట్టాల మధ్యా రెండు జబ్బుల లక్షణాల మధ్యా ఉండొచ్చు. సెంబ్లెన్స్‌తో జాగ్రత్తగా ఉండాలి. అది పైకి కనిపించే తీరు, లోపల కూడా అలాగే ఉందన్న హామీ లేదు. ఊళ్లో పరిస్థితి పూర్తిగా చక్కబడిందని చెప్పబోయి ‘సెంబ్లెన్స్ ఆఫ్ ఆర్డర్’ అని రాస్తే, ఏదో పైకి సర్దుకున్నట్టుందని అర్థం వస్తుంది.

అనాలజీ దారే వేరు. అక్కడ రెండు వస్తువులు చూపుకి ఒకేలా ఉండక్కర్లేదు, పనిలోనో లోపలి సంబంధంలోనో పోలిక ఉంటే చాలు. జీవశాస్త్రంలో ఈ గీతను 1843లో బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ స్పష్టంగా గీశారు. సీతాకోకచిలుక రెక్కా పక్షి రెక్కా చేసే పని ఒకటే, నిర్మాణం వేరు. అది అనాలజీ. గబ్బిలం రెక్క ఎగరడానికి, మన చెయ్యి పట్టుకోవడానికి; అయినా లోపల ఎముకల అమరిక ఒకటే. దానికి హోమాలజీ అని వేరే పేరు పెట్టాల్సి వచ్చింది. రెండూ పోలికే కదా అని కలిపేస్తే పరిణామ పాఠంలో సగం అర్థం కాదు.

‘ఏది వాడినా తప్పు రాదు’ అన్నది మరీ అన్యాయం. రిజెంబుల్ తర్వాత ‘టు’ రాదు: ‘షి రిజెంబుల్స్ హర్ మదర్’, అంతే. సిమిలర్‌కి ‘టు’ కావాలి. ‘ద సిస్టర్స్ ఆర్ అలైక్’ ఒప్పు, ‘అలైక్ సిస్టర్స్’ తప్పు.

ఇక పండితుల గొడవ అన్న మాట. తెలుగు మీడియంలో లెక్కలు చదివిన ఎవరినైనా అడగండి, సరూప త్రిభుజాలూ సర్వసమాన త్రిభుజాలూ ఒకటేనా అని. ఆకారం ఒకటైనంత మాత్రాన కొలతలు ఒకటి కావు. మన 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కూడా ‘ఐడెంటికల్’ని (అచ్చం అదే), ‘డిసెప్టివ్‌లీ సిమిలర్’ని (తికమకపెట్టేంత దగ్గరి పోలిక) విడివిడిగా చెబుతుంది. ఒకరి రిజిస్టరైన గుర్తునే ఇంకొకరు అదే రకం సరుకు మీద వాడితే జనం తికమకపడతారని కోర్టు ముందే అనుకుంటుంది. గుర్తు కేవలం సిమిలర్ అయితే, తికమకకు అవకాశం ఉందని చూపించాలి. 2001లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అని రెండు మలేరియా మందులు. పేర్లు ఒకటి కావు, కానీ దగ్గరగా ఉన్నాయి. మందుల విషయంలో ఆ దగ్గరితనాన్ని మరింత కఠినంగా చూడాలని కోర్టు చెప్పింది, ఎందుకంటే ఒక మందుకు బదులు ఇంకోటి చేతికొస్తే రోగి ప్రాణానికే ముప్పు.