చెప్పులతో పాటు హోదాలనూ గుమ్మం బయటే విడవాలి

కాకినాడలో పదవీ విరమణ చేసిన మేము ముప్పై మందికి పైగా ప్రతి గురువారం సాయంత్రం ఒక మిత్రుడి మేడ మీది హాలులో చేరి, ఒకరి దగ్గర ఒకరం నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్లు కావస్తోంది. ఇప్పుడు ఈ బృందాన్ని సంఘంగా మార్చి, గౌరవాధ్యక్షుణ్ణి, అధ్యక్షుణ్ణి, ఇద్దరు ఉపాధ్యక్షులను ఎన్నుకుని, నెలకొకసారి ముఖ్య అతిథిని పిలిచి శాలువా కప్పి సభ జరపాలని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. వచ్చే నెల మొదటి గురువారం దీనిపై చర్చ. ప్రతిపాదించిన వారంటే నాకు గౌరవమే, వారి ఉద్దేశమూ మంచిదే. అయినా నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

నా భయం ఏమిటో చెప్పాలంటే రెండేళ్ల కిందటి సంగతి చెప్పాలి. నీటిపారుదల శాఖలో కాలువ గట్లు, తలుపులు కనిపెట్టుకునే లస్కరుగా పనిచేసి రిటైరైన ఒకాయన అప్పుడు మా బృందంలో చేరారు. మొదటి మూడు వారాలు ఎంత చెప్పినా కూర్చోకుండా గోడ పక్కనే నిలబడ్డారు. ఏమిటని అడిగితే, అదే శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేసిన పెద్దమనిషి వైపు చూసి, "అయ్యగారి ముందు కూర్చోవడం అలవాటు లేదమ్మగారూ" అన్నారు. ఆ మాట విన్న ఇంజనీరు గారు లేచి వెళ్లి, తన పక్కన కుర్చీ వేసి, ఆయన చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

ఆ తర్వాతి వారం చెప్పే వంతు లస్కరు గారిది. పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే కాలువ లాకులు ఎలా పనిచేస్తాయో ఆయన రెండు అట్టముక్కలు పట్టుకుని చూపించారు. దిగువ నుంచి పడవ వచ్చి లాకులోకి చేరగానే కింది తలుపులు మూసి, ఎగువ నీటిని కొద్దికొద్దిగా లోపలికి వదిలి, రెండు వైపులా మట్టం సమానమయ్యాకే పై తలుపులు తెరుస్తారని, అంతకుముందు పదిమంది కలిసి నెట్టినా నీటి ఒత్తిడికి ఆ తలుపు కదలదని చెప్పారు. కాలువ గట్టుకు ఊట పడితే ఏం చేస్తారని నేను అడిగాను. ముందు ఆ నీటిని దోసిట్లో పట్టి చూస్తామన్నారు. తేటగా ఉంటే కొంత వ్యవధి ఉన్నట్టు. మట్టి కలిసి వస్తుంటే గట్టు లోపల డొల్ల పడుతున్నట్టు, అర్ధరాత్రయినా సరే ఇసుక బస్తాలు మోయించాల్సిందేనట. అప్పుడు ఇంజనీరు గారు, "ఈ సూత్రం చదివి పరీక్ష రాశాను గాని, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ నీళ్లలో చేయి పెట్టి చూసింది మాత్రం వీరే" అని అందరి ముందూ అన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన డెల్టా పొలాలకు నీళ్లు అందించిన చేతులు ఎవరివో ఆ సాయంత్రం మాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

వేదిక వేసి సభ జరిపి ఉంటే, ఇంజనీరు గారు పూలదండతో వేదిక మీద ఉండేవారు, లస్కరు గారు కుర్చీలు సర్దుతూ ఉండేవారు. కాలువ గురించి మాకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

రిటైరైన వారి చదువుకు పేరుపొందిన ఉద్యమం ఒకటి ఉంది. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పియెర్ వెల్లా 'మూడవ వయసు విశ్వవిద్యాలయం' ప్రారంభించారు (మూడవ వయసంటే ఉద్యోగ బాధ్యతలు తీరాక వచ్చే దశ). అక్కడ విశ్వవిద్యాలయమే ముందుండి, ఆచార్యులు ఉపన్యాసాలు చెప్పేవారు. 1980ల మొదట్లో అది బ్రిటన్ చేరినప్పుడు పీటర్ లాస్లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్‌వింటర్ దాన్ని వేరే దారి పట్టించారు. పరీక్షల్లేవు, పట్టాల్లేవు, జీతానికి చెప్పే గురువుల్లేరు. సభ్యుల్లో తెలిసినవారు తెలియనివారికి చెబుతారు, చెప్పినవారే మరోచోట విద్యార్థిగా కూర్చుంటారు. మాకు సరిపడే పద్ధతి ఇదేనని నా నమ్మకం. ఇదేదో పరాయి పద్ధతి అని ఎవరైనా అంటే, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటి నుంచి చదువును బడి గోడలు దాటించి ఊళ్లలోకి తెచ్చుకున్న చరిత్ర మనకూ ఉందని గుర్తు చేస్తాను.

నేను ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. చెప్పడం తప్ప వినడం మరచిపోయిన మనిషిని. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 62. ఆ మర్నాటి నుంచి ఫోను మోగదు, సంతకం కోసం ఎవరూ రారు. ఆ వెలితిని మళ్లీ ఒక పదవితో పూడ్చుకోవాలనిపించడం సహజమే, నాకూ అనిపించింది. అయితే పదవులు నలుగురికే దొరుకుతాయి. మిగిలిన వారు ప్రేక్షకులవుతారు, ప్రేక్షకులు రెండు నెలల్లో రావడం మానేస్తారు. వేరే ఒక సంఘంలో ఇది నేను స్వయంగా చూశాను: మూడు గంటల సభలో సన్మానాలకు రెండు గంటలు పోయాయి, కరవు భత్యం (డి.ఏ.) బకాయిల మీద ఒక తీర్మానం చదివారు, ఆడవాళ్లు ప్రార్థనా గీతం పాడి, చివర టిఫిను పొట్లాలు పంచారు.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా బృందంలో ఉద్యోగమే చేయని ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షను వస్తోంది. బ్యాంకు పనులన్నీ ఆయనే చూసుకునేవారు కనుక డబ్బు తీసే ఫారం నింపడం కూడా ఆవిడకు రాదు. మా దగ్గర ఫోనులో యు.పి.ఐ. నేర్చుకుని, మొదటిసారి నాకు ఒక్క రూపాయి పంపి, నా ఫోను మోగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పోయిన వేసవిలో, పోలీసులమంటూ ఎవరో వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు చేశామని బెదిరిస్తే, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని గుర్తు తెచ్చుకుని ఫోను పెట్టేసి, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేశారు. ఆవిడ వంతు వచ్చినప్పుడు, భార్య పోయాక కర్రీ పాయింట్ మీదే ఆధారపడిన నలుగురు మగవాళ్లకు ఎసరు పెట్టి అన్నం వండటం, పప్పు తాలింపు వేయడం నేర్పారు. వారిలో ఒకరు రిటైర్డ్ తహసీల్దారు. మెతుకు పట్టి చూసి, ఉడికిందో లేదో ఆవిడను అడిగి మరీ దించారు.

రిజిస్ట్రేషను ఉంటే బ్యాంకు ఖాతా తెరవవచ్చు, మునిసిపల్ హాలు అడగవచ్చు అన్న వాదనలో నిజం ఉంది. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. చట్టం కోరే పదవులు కాగితం మీద ఉండనివ్వండి, ఏడాదికొకసారి వంతులవారీగా మారనివ్వండి. కుర్చీలు మాత్రం ఇప్పటిలాగే గుండ్రంగా ఉండాలి. చేరిన ప్రతివారూ ఏడాదిలో ఒక్క గురువారమైనా ఏదో ఒకటి నేర్పాలి. శాలువాలు వద్దు. నెలకు మనిషికి వంద రూపాయల చందా టీకి, కరెంటుకు చాలుతోంది, మిగిలితే మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేని వారి కోసం కింద వరండాలో రెండు ఫ్యాన్లు పెట్టిద్దాం.

ఈ గురువారం చెప్పే వంతు ఇంజనీరు గారిది. ఫోనులో ఉపగ్రహ పటం చూడటం నేర్పమని లస్కరు గారే అడిగారు. వాళ్ల నాన్నగారు పనిచేసిన లాకుల దగ్గర, తాను పుట్టిన క్వార్టరు ఇంకా ఉందో లేదో ఆయన చూడాలట.