లేజరు చదివే గాలి, తూటాకు తగిలే గాలి

కళ్లంలో వడ్లు తూర్పారబట్టే మనిషిని కాసేపు గమనిస్తే దూరపు గురికి సంబంధించిన భౌతికశాస్త్రం సగం అర్థమైపోతుంది. చేట ఎత్తి పోస్తుంటే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. తాలు కాస్త అవతల పడుతుంది. పొట్టు ఎక్కడికో కొట్టుకుపోతుంది. మూడింటికీ తగిలింది ఒకే గాలి. గాలి ముందు ఏది ఎంతగా లొంగిపోయిందన్నదే తేడా.

రైఫిల్ తూటాదీ ఇదే కథ. అది పక్కకు ఎంత జరుగుతుందన్నది గాలిలో ఎంతసేపు ప్రయాణించిందన్న దాని మీద ఆధారపడదు. గాలి నిరోధం వల్ల ఎంత ఆలస్యమైందన్న దాని మీద ఆధారపడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ఫిరంగి నిపుణుడు డిడియోన్ పేరుతో చలామణి అవుతున్న సూత్రం ఇంత సులువైనది: శూన్యంలో పట్టే కాలాన్ని అసలు పట్టిన కాలం నుంచి తీసేసి, మిగిలినదాన్ని అడ్డుగాలి వేగంతో గుణిస్తే చాలు. పాయింట్ 308 క్యాలిబర్ తూటా (అంటే అంగుళంలో 0.308 వంతు వ్యాసమున్నది), 175 గ్రెయిన్లు, అంటే సుమారు 11 గ్రాముల బరువుది, సెకనుకు 790 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. 1000 గజాలు, అంటే 914 మీటర్లు దాటడానికి శూన్యంలో సుమారు 1.15 సెకన్లు చాలు. గాలిలో సుమారు 1.7 సెకన్లు పడుతుంది. ఆలస్యం 0.55 సెకను. అడ్డుగాలి సెకనుకు 3 మీటర్లుంటే తూటా 1.65 మీటర్లు పక్కకు పోతుంది. ఆ గాలి వేగం చెట్ల ఆకులు తీరిక లేకుండా కదిలేంత, అంతకు మించి కాదు.

అమెరికా పోటీల్లో 1000 గజాల గురిపలక మీద పది పాయింట్ల వలయం వ్యాసం 20 అంగుళాలు. నడిబొడ్డున గురిపెట్టినవాడు ఆ వలయం దాటిపోవడానికి పాతిక సెంటీమీటర్లు జరిగితే చాలు. తిరిగి లెక్కవేస్తే, గాలి అంచనాలో గంటకు కిలోమీటరున్నర పొరపాటు అన్నమాట. చెంపకు తగిలే గాలిలో అంత చిన్న తేడాను పసిగట్టగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పసిగట్టగలమని చెప్పుకునేవాళ్లను చూశాను.

అందుకే లేజరు మీద ఇంత మోజు. దూరాన్ని లేజరుతో మీటరు తేడా లేకుండా కొలుస్తున్నాం. తూటా ఎంత కిందికి దిగుతుందో చేతిలోని చిన్న కంప్యూటర్ చెబుతోంది. ఉష్ణోగ్రత, పీడనం, తేమ అన్నీ లెక్కలోకి వచ్చేశాయి. మిగిలింది గాలి ఒక్కటే. చేతిలో పట్టుకునే గాలిమర మీటరు మనం నిలుచున్న చోట గాలిని చెబుతుందే తప్ప, అయిదు వందల గజాల అవతల ఏం జరుగుతోందో దానికి తెలియదు. కాంతి మాత్రం అక్కడిదాకా వెళ్లి తిరిగి వస్తుంది. మరి దాన్నే అడగవచ్చు కదా?

అడగవచ్చు. అయితే అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూసుకోవాలి. వాణిజ్య ప్రకటనలు తొందరగా దాటవేసే విషయం సరిగ్గా ఇదే.

గాలిని లేజరుతో కొలిచే మొదటి పద్ధతి డాప్లర్. గాలిలో తేలే ధూళి కణాల మీద పడి వెనక్కి వచ్చే కాంతి రంగు అతి స్వల్పంగా మారుతుంది. 1.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న లేజరుతో చూస్తే, సెకనుకు ఒక మీటరు గాలికి వచ్చే మార్పు 1.3 మెగాహెర్ట్జ్. అసలు కాంతి పౌనఃపున్యంలో అది పదిహేను కోట్లలో ఒక వంతు. దాన్ని పట్టుకోవడం నిజంగా గొప్ప ఇంజినీరింగే. చిక్కు వేరే చోట ఉంది. డాప్లర్ చెప్పేది కాంతి వెళ్లిన దారి వెంబడి వీచే గాలిని మాత్రమే. గురి వైపు లేజరు పెడితే అది ఎదురుగాలినీ వెనుకగాలినీ చెబుతుంది. ఆ రెండూ తూటాను పెద్దగా కదిలించవు. కదిలించేది అడ్డుగాలి, దాని గురించి ఆ కిరణం ఒక్క ముక్కా చెప్పదు.

ఈ చిక్కు మన దగ్గరి శాస్త్రవేత్తలకు కొత్తది కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్ పై గాలులను కొలిచేది ఇదే డాప్లర్ సూత్రంతో. ఒకే దిక్కున చూస్తే సరిపోదు కాబట్టి అది నిట్టనిలువునా, నాలుగు వైపులకు వంచీ చూసి, ఆ తేడాల నుంచి గాలి దిశను లెక్కగడుతుంది. తుపాకీ పక్కన పెట్టుకునే లేజరుకూ ఆ దారే గతి: కొంచెం ఎడమకు, కొంచెం కుడికి చూసి తేడా తీయాలి.

ఎంత ఎడమకు, ఎంత కుడికి అన్నదగ్గర కథ అడ్డం తిరుగుతుంది. చెరో డిగ్రీ మాత్రమే పక్కకు చూస్తే, ఒక్కో కొలతలో సెకనుకు 0.1 మీటరు పొరపాటు చివరి లెక్కలో 4 మీటర్లకు పెరుగుతుంది. అది కొలత కాదు, జోస్యం. చెరో పదిహేను డిగ్రీలు చూస్తే పొరపాటు 0.27 మీటరుకు తగ్గుతుంది. కానీ కిలోమీటరు దూరంలో ఆ రెండు కిరణాల మధ్య ఎడం అరకిలోమీటరు దాటిపోతుంది. ఒకటి గుట్ట మీద, మరొకటి తోపు వెనుక చదువుతుంటే, మధ్యలో తూటా వెళ్లే దారిలోని గాలి ఆ రెంటికీ సగటు కావాలన్న నియమం ఎక్కడుంది? ట్రిజికాన్ అనే అమెరికా కంపెనీ 2020లో తెచ్చిన వెంటస్ అనే చేతి పరికరం డాప్లర్ పద్ధతిదే. గాలిని 500 గజాల వరకే చదువుతానంటుంది. ఆ హద్దు చూసి కొందరు పెదవి విరిచారు. నాకు మాత్రం అందులో నిజాయితీ కనిపించింది.

రెండో పద్ధతి మరింత ముచ్చటైనది. ఎండలో నేల మీది గాలి సెగలు కక్కుతుంది, వేడి గాలి బుడగలు కాంతిని అటూ ఇటూ వంచుతాయి. దూరపు లేజరు మచ్చ అందువల్లే మిణుకుమిణుకుమంటుంది. పక్కపక్కనే రెండు గ్రాహకాలు పెడితే, ఒకదాని మీద పడిన మిణుకు కొద్ది క్షణాంశం తర్వాత రెండోదాని మీద పడుతుంది. ఆ వ్యవధి నుంచి అడ్డుగాలి వేగం తెలుస్తుంది. అడ్డుగాలే, ఎదురుగాలి కాదు. గాలిలోని సుడులు తమ ఆకారం మార్చుకోకముందే గాలితోపాటు కొట్టుకుపోతాయన్న ఊహ దీనికి ఆధారం. దాన్ని 1938లో ప్రతిపాదించినవాడు బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త జి.ఐ. టేలర్.

దూరపు షూటర్లు ఇక్కడ నవ్వుకోవాలి. ఎందుకంటే వాళ్లు తరతరాలుగా చేస్తున్నది ఇదే. ఇంగ్లండులో బిస్లీ మైదానంలో 1890 నుంచి పోటీలు జరుగుతున్నాయి. అంతకుముందు మూడు దశాబ్దాలు వింబుల్డన్‌లో జరిగాయి. అక్కడి ప్రధాన పోటీ ఆఖరి అంచె నేటికీ 900, 1000 గజాల మీదే. ఆ ఆట తెలిసినవాళ్లు జెండాలతో సరిపెట్టుకోరు. టెలిస్కోపు ఫోకస్‌ను గురిపలక నుంచి కొంచెం వెనక్కి లాగి, దారి మధ్యలో ఎండమావి ఎటు పారుతోందో చూస్తారు. ఏటి నీరులా పక్కకు పారితే అడ్డుగాలి ఉన్నట్టు, నిట్టనిలువుగా ఉడికితే లేనట్టు లేదా తిరగబోతున్నట్టు. లేజరు పరికరం చేస్తున్నదీ ఎండమావిని చదవడమే. కాకపోతే దానికి రెప్ప వేయాల్సిన అవసరం లేదు.

గురువు బలహీనతలన్నీ శిష్యుడికీ వచ్చాయి. సూర్యోదయం తర్వాత కాసేపు, సాయంత్రం కాసేపు నేల ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత సమానమవుతాయి. అప్పుడు సెగ ఉండదు, మిణుకు ఉండదు. ఎండమావి కనిపించక షూటర్ తడబడే ఆ వేళలోనే లేజరు కూడా గుడ్డిదవుతుంది.

ఇక సగటు సంగతి. సాదా అమరికలో ఈ మిణుకు పద్ధతి దారి మధ్యలోని గాలికి ఎక్కువ విలువ ఇస్తుంది, రెండు చివరలకు దాదాపు ఏమీ ఇవ్వదు. తూటా లెక్క అలా ఉండదు. తుపాకీ ముందరి గాలి దాన్ని పక్కకు నెట్టిన వేగం చివరిదాకా వెంట వస్తుంది. గురి దగ్గరి గాలి నెట్టినా జరగడానికి సమయం మిగలదు. కాబట్టి మొదటి సగం దూరంలోని గాలిదే పెద్ద వాటా. పైగా లేజరు తిన్నగా పోతుంది, తూటా వంపు తిరిగి పోతుంది. మనం చూసిన 308 తూటా మధ్యదారిలో చూపు రేఖకు మూడున్నర మీటర్ల పైన ఉంటుంది. గాలి నేల నుంచి పైకి పోయే కొద్దీ జోరందుకుంటుంది. పరికరం చూపే అంకె తప్పు కాకపోవచ్చు, కానీ అది వేరే దారిలోని గాలి.

అన్నిటికీ మించినది కాలం. లేజరు కొన్ని సెకన్ల సగటు తీసి అంకె చూపుతుంది. మనం దాన్ని చదివి, గురి సవరించి, ఊపిరి బిగపట్టి మీట నొక్కేసరికి మరికొన్ని సెకన్లు. ఆ గాలి అప్పటికే పొరుగు చేనులో ఉంటుంది. 2022లో అమెరికాలోని వయోమింగ్‌లో ఒక బృందం 4.4 మైళ్ల దూరంలోని పలకను కొట్టింది. తూటా ఇరవై నాలుగు సెకన్లు గాలిలో ఉంది. తగిలింది అరవై తొమ్మిదో తూటా. అంతసేపట్లో గాలి ఎన్నిసార్లు మనసు మార్చుకుంటుందో చెప్పగల పరికరం లేదు, ఎందుకంటే అక్కడ కావలసింది కొలత కాదు, భవిష్యవాణి.

అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నడక దీన్నే చెబుతోందని నా అభిప్రాయం. దారిలోని అడ్డుగాలిని లేజరుతో కొలిచి మొదటి తూటాకే గురి కొట్టించాలన్నది ఆ సంస్థ చేపట్టిన వన్ షాట్ పథకం లక్ష్యం. దాదాపు ఆ కాలంలోనే ఎగ్జాక్టో పేరుతో మరో పథకానికీ డబ్బు పోసింది: ప్రయాణం మధ్యలో తనంతట తాను దారి మార్చుకునే పాయింట్ 50 క్యాలిబర్ తూటా. దాని పరీక్షల వీడియోలు 2014, 2015లలో బయటికి వచ్చాయి. ముందుగా కొలిచింది సరిపోతుందన్న నమ్మకం పూర్తిగా ఉంటే రెండోదాని అవసరం ఏముంది?

క్రీడల సంగతికొస్తే, మన పాఠకులకు గగన్ నారంగ్ పేరు గుర్తుండాలి. హైదరాబాద్‌లో పెరిగిన ఈ షూటర్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది పైకప్పు కింద, 10 మీటర్ల పోటీలో. అదే క్రీడల్లో ఆయన పాల్గొన్న 50 మీటర్ల పోటీ ఆరుబయటిది. అక్కడ సెకనుకు ఒక మీటరు అడ్డుగాలి చిన్న తూటాను అయిదారు మిల్లీమీటర్లు జరుపుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ నిబంధనలు అక్కడ నిర్వాహకులు పెట్టే చిన్న గుడ్డ జెండాలను మాత్రమే ఒప్పుకుంటాయి, సొంత గాలి సూచికలను ఒప్పుకోవు. ఇది పాతకాలపు మొండితనం అనేవాళ్లున్నారు. నేననను. గాలి చదవడం ఆ ఆటలో భాగం. దాన్ని ధర చెల్లించగలవాడి పరికరానికి అప్పగిస్తే పోటీ జేబుల మధ్య మొదలవుతుంది.

శిక్షణ మైదానంలో మాత్రం లేజరు ఉండాలి, వీలైతే పది చోట్ల ఉండాలి. వాడే వరుస మాత్రం తిరగబడాలి. ముందు షూటర్ ఎండమావి చూసి, జెండా చూసి, తన అంచనాను పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత కాల్చాలి. ఆ తర్వాతే పరికరం తెర వైపు చూడాలి. పేజీలో మూడు గడులు: నేను అనుకున్న గాలి, లేజరు చెప్పిన గాలి, పలక మీది రంధ్రం చెప్పిన గాలి. నెల తిరిగేసరికి కొందరికి ఎడమ నుంచి వచ్చే గాలిని ఎప్పుడూ తక్కువగా చదువుతున్నామని తెలుస్తుంది. ఇంకొన్ని పేజీల్లో మొదటి గడి, మూడో గడి కలిసి, మధ్యది ఒంటరిగా మిగులుతుంది.