ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, చెప్పకపోతే ఫారం పూర్తి కాదు

మా మేనమామకు నీటికాసుల జబ్బుతో పదేళ్ల కిందట రెండు కళ్ల చూపూ పోయింది. హిందూపురం నుంచి వచ్చేసి బెంగళూరు కె.ఆర్.పురంలో మాతోనే ఉంటున్నారు. కంప్యూటర్ ఆయనకు కొత్త కాదు. స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌తో పొద్దున్నే పేపరు వింటారు, మెయిల్స్ రాస్తారు, ఇంటి లెక్కలు ఎక్సెల్‌లో వేస్తారు. అలాంటి మనిషి ఈ మధ్య ఒక ప్రభుత్వ పోర్టల్‌లో సర్టిఫికెట్ రెన్యువల్ కోసం మూడుసార్లు కూర్చుని, మూడుసార్లూ మధ్యలోనే వదిలేసి లేచారు.

నాలుగోసారి నేను పక్కన కూర్చున్నాను. ఆయన మౌస్ వాడరు. ట్యాబ్ కీ నొక్కుకుంటూ ఒక్కో గడికీ వెళతారు. గడి దగ్గరికి రాగానే ‘పేరు’ అనో ‘పుట్టిన తేదీ’ అనో వినిపించాలి. ఇక్కడ వినిపించింది ‘ఎడిట్, బ్లాంక్’. మళ్లీ ట్యాబ్, మళ్లీ ‘ఎడిట్, బ్లాంక్’. ఏ గడిలో ఏం రాయాలో తెలిసే దారి లేదు. నేను చదివి చెబుతుంటే ఆయన నింపారు. తేదీ టైప్ చేయనివ్వలేదు, చిన్న క్యాలెండర్‌లో మౌస్‌తోనే నొక్కాలి. అది నేను చేశాను. చివర్లో వంకర అక్షరాల క్యాప్చా. దాన్ని చదివి వినిపించే బటన్ లేదు. అదీ నేనే చూసి చెప్పాను.

నేను ఆఫీసుకు వెళ్లిన రోజున ఆయన వీధి చివర ఉన్న సైబర్‌కు వెళతారు. అక్కడి కుర్రాడు మంచివాడే. కానీ ఆధార్ నంబర్ అతనికి చెప్పాలి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా చెప్పాలి. “ఎవరికీ చెప్పొద్దంటారు, చెప్పకపోతే పని జరగదు. నేనేం చెయ్యాలమ్మా?” అని మావయ్య అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వెబ్‌సైట్ యాక్సెసిబిలిటీ గురించి, అంటే వికలాంగులు కూడా సైటును వాడుకోగలగడం గురించి మాట్లాడే చోటల్లా ‘సౌకర్యం’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట చాలా చిన్నది. కళ్లున్నవాళ్లు తమ జబ్బు, ఆదాయం, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరికీ తెలియకుండా ఫారంలో నింపుకోగలుగుతున్నారు. చూపు లేనివాళ్లు అవే వివరాలు మూడో మనిషికి అప్పజెప్పాల్సి వస్తోంది. అందుకే ప్రభుత్వ వెబ్‌సైట్‌ను కొలవాల్సిన కొలత ఒక్కటే అంటాను: వికలాంగుడు ఇంకొకరి సాయం లేకుండా మొదటి నుంచి చివరి దాకా తన పని తాను పూర్తి చేసుకోగలిగాడా, లేదా?

మన సైట్లలో చాలావాటికి ఈ కొలత పెట్టినట్టు కనిపించదు. పైన మూలన అక్షరాలు పెద్దవి, చిన్నవి చేసే బటన్లు ఉంటాయి. ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ అని ఒక లింకు ఉంటుంది. నొక్కితే ఫలానా ఫలానా సాఫ్ట్‌వేర్లు డౌన్‌లోడ్ చేసుకోమని పట్టిక వస్తుంది. ఆ పేజీ దాకా వచ్చిన అంధుడి దగ్గర స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. ఆయనకు కావాల్సింది గడికి పేరు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను కాబట్టి ఆ పోర్టల్ కోడ్ తెరిచి చూశాను. స్క్రీన్ మీద ‘పేరు’ అన్న మాట ఉంది, దాని పక్కన గడి కూడా ఉంది, రెండింటినీ కలిపే ముక్క మాత్రం లేదు. గడికి ఒక లైను చొప్పున రాస్తే సరిపోయేది.

ఇంకో పెద్ద అడ్డంకి మన భాషలకే ప్రత్యేకమైనది. కన్నడలో పాత నుడి, తెలుగులో అను లాంటి ఫాంట్లలో టైప్ చేసిన ఉత్తర్వులు, నోటిఫికేషన్లు కంటికి చక్కగానే కనిపిస్తాయి. లోపల ఉండేది మాత్రం ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్. అలాంటి పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయని మనలో చాలామందికి అనుభవమే. స్క్రీన్ రీడర్‌కు వినిపించేదీ ఆ పిచ్చి గుర్తులే. సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి పెడితే అదీ ఉండదు. అది వట్టి ఫొటో, చదవడానికి అందులో అక్షరమే లేదు. యూనికోడ్‌లో ఉన్న పేజీల్లోనూ ఒక చిక్కుంది. ఈ ముక్క కన్నడ, ఈ ముక్క ఇంగ్లిష్ అని కోడ్‌లో చెప్పకపోతే, కన్నడ పేరాను ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. పల్లె నుంచి వచ్చి ఇంగ్లిష్ అంతగా రాని అంధుడికి, తన భాషలో ఉన్న పేజీ కూడా ఇలా చేజారిపోతోంది.

చూపు సమస్య ఒక్కటే కాదు. సహాయం కావాలంటే ఫోన్ నంబర్ తప్ప మరో దారి పెట్టని సైట్లు వినికిడి లేనివాళ్లను గుమ్మంలోనే ఆపేస్తున్నాయి. చేతులు వణికేవాళ్లు ఫారం సగం నింపేసరికి సెషన్ అయిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి ఒక దారి చూపింది: టైమ్ అయిపోబోతోందని ముందే చెప్పి, ఒక్క కీ నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం 10 సార్లు పొడిగించుకోనివ్వాలి.

నియమాలకు మన దగ్గరా కొరత లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందరికీ అందేలా చూడాలంటుంది. అయినా 2021లో కొవిడ్ టీకాల సమయంలో కోవిన్ పోర్టల్‌లో వినిపించే క్యాప్చా లేదని, కీబోర్డుతో వాడటం కష్టమవుతోందని సుప్రీంకోర్టే తన ఉత్తర్వులో ప్రస్తావించాల్సి వచ్చింది. టీకా కోసం దేశమంతా ఆ పోర్టల్ ముందు కూర్చున్న రోజులవి.

2024 నవంబర్‌లో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు అసలు మెలిక విప్పింది. చట్టం తప్పనిసరి చేసిన దాన్ని, ఆ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లోని 15(1) నియమం వట్టి సూచనల స్థాయికి దించేసిందని చెప్పి ఆ నియమాన్ని కొట్టేసింది, తప్పనిసరి ప్రమాణాలు వేరుగా తేవాలంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న మహిళను కేవైసీ కోసం కెమెరా ముందు కన్ను ఆర్పమన్న సంగతి కోర్టు దాకా వెళ్లిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని అందులో తేల్చారు. బ్యాంకుల్లాంటి నియంత్రిత సంస్థల వెబ్‌సైట్లకు, యాప్‌లకు క్రమం తప్పకుండా ఆడిట్ జరగాలని, విడుదలకు ముందు చేసే పరీక్షల్లో అంధులను కూర్చోబెట్టాలని కూడా ఆదేశించారు.

నా మటుకు ఈ చివరి ఆదేశమే అన్నిటికన్నా విలువైనది, ప్రభుత్వ పోర్టళ్లకూ ఇదే కావాలి. ఆ పోర్టల్ కట్టేది ఎక్కువగా కాంట్రాక్టరే. టెండర్‌లో యాక్సెసిబిలిటీ గురించి ఒక వాక్యం ఉంటుంది, చివర ఒక సర్టిఫికెట్ జతచేస్తారు. ఆ తర్వాత ఏ చిన్న మార్పు చేసినా ఎవరూ మళ్లీ చూడరు. టెస్టింగ్ టూల్ అయితే, చూపు లేనివాళ్ల కోసం పేజీలోని బొమ్మకు వివరణ రాశారా లేదా అని మాత్రం పట్టుకుంటుంది. ఆ వివరణలో ‘ఇమేజ్ 1’ అని రాసి ఉంటే దానికి తెలియదు, మనిషికి వెంటనే తెలుస్తుంది. అందుకే చివరి వాయిదా బిల్లు పాస్ చేసే ముందు, చూపు లేనివాళ్లు ఇద్దరు, చేతులు ఆడనివాళ్లు ఒకరు, వినికిడి లేనివాళ్లు ఒకరు, మామూలు జీతం తీసుకుని ఆ పోర్టల్‌లో ఒక అప్లికేషన్‌ను మొదటి నుంచి రసీదు దాకా పూర్తి చేయాలి. పూర్తి కాకపోతే బిల్లు ఆపాలి. కొత్త ఫీచర్ వచ్చిన ప్రతిసారీ ఇదే జరగాలి. ఇంత పెద్ద ఐటీ నగరంలో ఈ పని తెలిసినవాళ్లకు కరువు లేదు, పిలిచేవాళ్లే కావాలి.

మావయ్య తరఫున ఆ కార్యాలయానికి నేను మెయిల్ రాశాను. ఏ పేజీలో ఏ గడికి పేరు లేదో, ఏ లైను మారిస్తే సరిపోతుందో వరసగా పెట్టాను. రెండు నెలలకు గడులన్నిటికీ పేర్లు వచ్చాయి, తేదీ కూడా టైప్ చేయనిస్తోంది. క్యాప్చా మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు ఆయన ఫారమంతా సొంతంగా నింపుకుని, ఆ ఆఖరి గడి దగ్గర ఆగి, నేను ఆఫీసు నుంచి ఎప్పుడొస్తానని ఫోన్ చేస్తారు.